అనకూడని మాట

కాఫీ మీద మీగడ కట్టేసింది. బావగారు గ్లాసు వంక కూడా చూడలేదు.

"తాగండి బావగారూ, చల్లారిపోతోంది," అన్నాడు వెటకారం.

"మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. ముందు నాకు జవాబు కావాలి."

"ఇందాకే చెప్పాను కదండీ."

"చెప్పలేదు. నవ్వించారు. అది జవాబు కాదు."

నిజమే. అందుకే కదా ఊరంతా అతన్ని వెటకారం అని పిలిచేది! గోడల మీద పోస్టర్లలోనూ అదే పేరు. రచన వెటకారం, దర్శకత్వం వెటకారం, ముఖ్యపాత్ర వెటకారం. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేది ఇంట్లో భార్య ఒక్కతే.

ఆ భార్యకి సొంత అన్నగారే ఈ బావగారు. ఊళ్ళో పెద్ద ఆఫీసులో అయ్యగారి గది తలుపు పక్కనే ఆయన కుర్చీ. ఎవర్ని లోపలికి పంపాలి, ఎవర్ని రేపు రమ్మనాలి అన్నది ఆ కుర్చీలోంచే తేలుతుంది. పొద్దున్నే అయ్యగారు పిలిచి చెప్పిన మాట మోసుకుని, గొడుగు కూడా మడవకుండా చెల్లెలి ఇంటికొచ్చి కూర్చున్నారు.

"మళ్ళీ చెప్తున్నా, వినండి. సాయంత్రం పెద్ద హాల్లో మీ నాటకానికి అయ్యగారే స్వయంగా వస్తున్నారు. భార్యాసమేతంగా, ముందు వరసలోకి. స్టేజి మీద ఆ మాట ఒక్కసారి వినబడిందా, మేనేజరు తెర దింపేస్తాడు. ఆ హాలు మీకు జన్మలో ఇవ్వరు. ఇంకో హాలు ఇవ్వనివ్వరు కూడా."

ఆ మాటంటే ఏ బూతుమాటో అనుకునేరు. 'చూద్దాం'. అంతే. నాటకం పేరూ అదే, నాటకానికి ప్రాణమూ అదే. అందులో ఒక ఆఫీసరుంటాడు. ఎవరేం అడిగినా చూద్దాం అంటాడు. పైకప్పు కూలిందంటే చూద్దాం. దాని కింద మనిషి ఇరుక్కున్నాడంటే చూద్దాం. ఆ ఒక్క మాటని వెటకారం ఆవలిస్తూ అంటాడు, దీవిస్తూ అంటాడు, కసురుతూ అంటాడు, కళ్ళు మూసుకుని వేదాంతం చెప్తున్నట్టు అంటాడు. చిన్న చిన్న హాళ్ళలో ఆడినన్నాళ్ళూ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకున్నారా? మర్నాడు ఆఫీసుకెళ్ళి, అయ్యగారు అలవాటు కొద్దీ ఆ మాట అనగానే మొహాలు పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

"మీ అయ్యగారి పేరెత్తానా? ఊరు పేరు ఎత్తానా?"

"ఎత్తక్కర్లేదు. జనం ఆయన్ని చూసి నవ్వుతున్నారు. అది చాలు."

"జనం నవ్వితే నాదా తప్పు? నవ్వించడం నా ఉద్యోగం."

"మీ ఉద్యోగం సరే, నా ఉద్యోగం మాటేమిటండీ?" బావగారి గొంతు పెరిగింది. "ఆఫీసు గుట్టు బయటికెలా పొక్కిందని అయ్యగారు అడిగారు. అడగడం కూడా నా వంకే చూస్తూ అడిగారు. మీరు నా చెల్లెలి మొగుడని అక్కడ గోడలకి కూడా తెలుసు. సెలవురోజు ఇక్కడ కూర్చుని నాలుగు ఆఫీసు కబుర్లు చెప్పుకున్న పాపానికి నన్ను తీసుకెళ్ళి పాత ఫైళ్ళ గదిలో ఎలకల మధ్య కూర్చోబెడతారు!"

"అబ్బే, అంతదాకా రాదు లెండి. సరే, నేను ఆ మాట అన్నాననే అనుకోండి. మీరేం చేస్తారు?"

"చూద్దాం!" అని ఉరిమారు బావగారు.

అనేసి నాలుక కరుచుకున్నారు.

వంటింటి గుమ్మంలోంచి పకపకా నవ్వు వినబడింది. పొద్దుట్నుంచీ అటు అన్నకీ ఇటు మొగుడికీ మధ్య నోరు విప్పని మనిషి, తలుపు పట్టుకుని మరీ నవ్వుతోంది. వెటకారం ఛాతీ ఉప్పొంగింది. ఎంతైనా తన పక్షమే అనుకున్నాడు. కానీ ఆ నవ్వు చివర్లో ఎక్కడో తేడా కొట్టింది. ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వూ నవ్వుతున్నావా అమ్మాయ్?" బావగారు నొచ్చుకున్నారు. "వీధిన పడేది నీ తోడబుట్టినవాడు."

"నిన్నెవరూ వీధిన పడెయ్యరు అన్నయ్యా. ఆ మాట మీ ఆఫీసులోంచి రాలేదు."

"మరి?"

"ఈ ఇంట్లోంచే వచ్చింది."

వెటకారం బావగారి వంక చూశాడు. ఆయనకీ ఏమీ అర్థం కాలేదు. భార్య వంక చూశాడు.

"ఏమిటోయ్ నువ్వనేది?"

"మొదటి ఆటకి నేను వెనక వరసలో కూర్చున్నాను, గుర్తుందా? నవ్వలేదు. మీరు గమనించలేదు, అందరూ చప్పట్లు కొడుతున్నారు కదా. ఆ ఆఫీసరు ఆవలిస్తూ అనేది, మీరు పడుకోబోయే ముందు నాతో అనేది. వేదాంతిలా కళ్ళు మూసుకుని అనేది, అన్నం తిన్నాక అనేది. ఆ చెయ్యి ఇలా ఊపడం కూడా మీదే. వాళ్ళ అయ్యగారని అన్నయ్య అనుకున్నాడు. తననే అని అయ్యగారు అనుకున్నారు. మీరని ఒక్కళ్ళూ అనుకోలేదు. మీతో సహా."

"నేనెప్పుడన్నానే అలా?"

"వంటింట్లో కొళాయి కారుతోందంటే ఏమన్నారు?"

"అదీ..."

"కిటికీ గడియ ఊడిందంటే? పాపని వేరే బళ్ళో వేద్దామంటే? మా పిన్ని అన్నిసార్లు పిలుస్తోంది, ఒక్కసారి వెళ్ళొద్దామంటే?"

జనంలోంచి ఎవడెంత గట్టిగా కేకేసినా చిటికెలో ఎదురుమాట విసిరే మనిషి, సొంత ఇంట్లో ఒక్క మాట దొరక్క నిలబడిపోయాడు.

"పాప పుట్టక ముందు నేనూ స్టేజి మీదున్నదాన్నే. మన పెళ్ళి కుదిరిందే అక్కడ. మళ్ళీ వేషం వేస్తానండీ అని, దానికి నడకొచ్చాక అడిగాను. మాటలొచ్చాక అడిగాను. బళ్ళో వేశాక అడిగాను. ఒక్కసారి వద్దు అనుంటే పోట్లాడేదాన్ని. సరే అనుంటే ఎగిరి గంతేసేదాన్ని. మీరు ఆ రెండూ అనలేదు."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బావగారికి ఏం చెయ్యాలో తోచక, ముట్టనన్న కాఫీ ఎత్తి గటగటా తాగేశారు.

వెటకారానికి సిగ్గేసింది. నిజంగానే, లోపల ఎక్కడో చురుక్కుమనేలా సిగ్గేసింది. దగ్గరికెళ్ళి ఏదో ఒకటి అనాలనుకున్నాడు. కానీ పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? కాళ్ళు కదలకముందే చెయ్యి కదిలింది. బల్ల మీది కాగితం లాక్కుంది, జేబులోంచి పెన్ను తీసింది.

"ఏవిటా రాయడం?"

"ఏం లేదు... 'వద్దు అనుంటే పోట్లాడేదాన్ని, సరే అనుంటే...' ఆ తర్వాతేమన్నావు? ఎగిరి..."

"నేను ఏడుస్తుంటే మీరు రాసుకుంటున్నారా!"

బావగారు ముక్కుమీద వేలేసుకున్నారు. "ఛ ఛ! మనిషేనా అసలు?"

"అది కాదోయ్, చాలా బావుంది. నిజంగా. ఇంత బాగా నేను కూడా..." అని మధ్యలో ఆపేశాడు. నోరు తెరిచినకొద్దీ గోతిలో ఇంకా లోతుకే దిగుతున్నానని అతనికే తెలిసింది.

ఆవిడ విసవిసా వచ్చి చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

"ఇలా ఇవ్వండి. నా ఏడుపు నేనే రాసుకుంటాను. మీరు రాస్తే అందులోనూ మీరే గెలుస్తారు."

కూర్చుంది. రాయడం మొదలుపెట్టింది. కొట్టివేతల్లేవు, ఆలోచించడాల్లేవు. ఎన్నేళ్ళుగానో మనసులో అనుకున్న మాటలు కదా, వరసలో నిలబడి ఉన్నట్టున్నాయి. వెటకారం భుజం మీదనుంచి తొంగి చూడబోతే మోచేత్తో నెట్టేసింది. చివరికి కాగితాలు ఆవిడే అతని ముందుకి తోసింది.

ఆఫీసరు ఇంటికొస్తాడు. పేపరు విప్పుతాడు. భార్య వచ్చి కొళాయి కారుతోందంటుంది. ఆఫీసరు నోరు తెరుస్తాడు. "ఆ మాట మాత్రం అనకండి," అంటుంది భార్య.

అక్కడే వెటకారానికి పొట్టలోంచి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. తనని తనే చూసి నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది, అయినా ఆగలేదు. కుర్చీలో పడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంతలో చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఒరే నాయనో! ఇందులో ఆ మాట అనక్కర్లేదు! ఎవరూ అనరు. అయినా అందరికీ వినబడుతుంది!"

"అంటే స్టేజి మీద ఆ మాట వినబడదన్నమాట?" బావగారు ముందుకి వంగారు. "ఒట్టు?"

"ఒట్టు. నా నోట రాదు. మా వాళ్ళెవరి నోటా రాదు."

"అంతా బాగానే ఉంది. ఉన్నపళంగా ఈ భార్య వేషం ఎవరు వేస్తారు? మీ నాటకంలో ఉన్నవాళ్ళంతా గుమాస్తాలేగా?"

ఆవిడ పెన్నుకి మూత పెడుతోంది. తలెత్తలేదు. మూత ఎంతకీ పట్టడం లేదు.

వెటకారం నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అలా వచ్చిందని తెలిసి అతనికే ఒళ్ళు జలదరించింది. మింగేశాడు.

"ఈవిడే," అన్నాడు. "ఇంకెవరు వేస్తారు? పదవోయ్, టైమైపోతోంది."

హాలు కిటకిటలాడిపోతోంది. ఆ మాట అనకూడదన్నారన్న కబురు అప్పటికే ఊరంతా పాకింది. దారిలో ఒక్కళ్ళకే చెప్పానని బావగారు ఒట్టేశారు. ఆ ఒక్కళ్ళు ఎవరో గానీ, చాలా పనిమంతులు.

ముందు వరస మధ్యలో అయ్యగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పక్కన ఆయన భార్య. స్టేజి పక్కన తాడు దగ్గర హాలు మేనేజరు, చెవులు రిక్కించుకుని.

మొదటి సగం పేలలేదు. ఆ మాట ఉండాల్సినచోట వెటకారం 'ఆలోచిద్దాం' అన్నాడు, 'పరిశీలిద్దాం' అన్నాడు. జనం మొహమాటానికి నవ్వారు. తర్వాత అదీ మానేశారు. ఎవరో దగ్గారు. అయ్యగారి మొహంలో చిరునవ్వు కనబడింది. అంత పెద్ద హాల్లో తన చెప్పుల చప్పుడు తనకే వినబడుతుంటే వెటకారానికి చేతులు చల్లబడిపోయాయి. ఇక్కడ ఆడాలని ఎన్నాళ్ళు కలగన్నాడు! ఇలా ఆడాలనా?

తెర పడగానే చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. ఆవిడ మేకప్ వేసుకుని సిద్ధంగా ఉంది.

"భయంగా ఉందోయ్," అన్నాడు. "నీకు?"

"నాకు కోపంగా ఉంది. భయపడే తీరిక లేదు."

తెర లేచింది. ఒక గది, ఒక కుర్చీ, కుర్చీలో ఆఫీసరు, చేతిలో పేపరు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"ఏవండీ, కొళాయి కారుతోంది."

ఆఫీసరు పేపరు దించాడు. నోరు తెరిచాడు.

"ఆ మాట మాత్రం అనకండి!"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, కట్ట తెగిపోయింది.

"ఏ మాట?" అన్నాడు ఆఫీసరు, ఏమీ ఎరగనివాడిలా.

"మీకు తెలుసు. నాకు తెలుసు." ఆవిడ జనం వైపు తిరిగి కళ్ళెగరేసింది. "వీళ్ళకి మీకంటే బాగా తెలుసు."

చప్పట్లు. ఈలలు. వెటకారానికి ఒంట్లోకి వేడి తిరిగి వచ్చింది. ఎన్నాళ్ళయింది ఈ గొంతు స్టేజి మీద విని! ఎక్కడ ఆగాలో, ఎక్కడ విసరాలో ఆవిడకి ఒకళ్ళు చెప్పాలా? నవ్వు సగం తగ్గేదాకా ఆగి, సరిగ్గా అప్పుడు అందుకుంటోంది.

"కొళాయి కారితే ఏమైంది? కొంపలేం మునిగిపోవడం లేదుగా?"

"మడమలదాకా వచ్చింది. మునగడానికి ఇంకెంతో దూరం లేదు."

"ఈ ఇంట్లో పనిచేసేది నేనొక్కణ్ణేనా?"

"కాదు, కొళాయి కూడా. అది రాత్రీ పగలూ ఆగకుండా చేస్తోంది."

నవ్వుల హోరులో ఆవిడ ఒక అడుగు దగ్గరికొచ్చింది. తర్వాత అన్న మాట కాగితంలో లేదు.

"నేను మిమ్మల్ని ఒకటి అడిగాను. ఎన్నేళ్ళుగానో అడుగుతూనే ఉన్నాను. ఏం అడిగానో చెప్పండి?"

వెటకారం పేపరు పక్కన పెట్టాడు. ఇది నాటకం కాదు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. అతనికి జవాబు తెలుసు, అందుకే నోరు తెరిచాడు. ఆ మాటే అనబోతున్నాడన్నట్టు ఆవిడ వేలెత్తింది. అతను రెండు చేతులతో నోరు మూసేసుకున్నాడు. జనం ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు.

ముందు వరసలో అయ్యగారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. పక్కన ఆయన భార్య మొదట పెదవులు బిగబట్టింది. తర్వాత రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత రుమాలు సంగతే మర్చిపోయి, "మన కొళాయండీ! అచ్చం మన కొళాయే!" అంటూ మొగుడి డొక్కలో పొడుస్తోంది.

అయ్యగారు దిగ్గున లేచారు. మేనేజరు వైపు చెయ్యి ఊపారు. "దింపెయ్!"

"ఆ మాట ఎవరూ అనలేదండీ..."

"అనకుండానే ఇంత చేశారు! దింపవయ్యా ముందు!"

తెర కదిలింది. వెటకారం కళ్ళముందే కిందికి దిగుతోంది. తలకాయలు దాటింది. భుజాలు దాటింది. ఇంక జనానికి వాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. అయిపోయింది అనుకున్నాడు. ఆవిడ చెయ్యి అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వినబడింది ముందు వరసలోంచి అయ్యగారి ఇల్లాలి గొంతు, స్పష్టంగా, హాలు చివరిదాకా.

"అయ్యో, ఆపకండీ! మీరు కూర్చోండి. చూద్దాం!"

ఆవిడ అన్నది నాటకం చూద్దామని. పాపం, అంతకుమించి ఆవిడకి ఏ ఉద్దేశమూ లేదు. అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. అయ్యగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

తర్వాత పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. జనం లేచి నిలబడ్డారు. "చూద్దాం! చూద్దాం!" అని కాళ్ళు నేలకేసి కొడుతూ అరిచారు. తప్పేముంది? డబ్బులిచ్చి నాటకానికొచ్చినవాళ్ళు చూద్దామనే కదా అంటారు! మేనేజరు అయ్యగారి వంక చూశాడు, అమ్మగారి వంక చూశాడు, అమ్మగారి మాటే పెద్దదని తేల్చుకుని తాడు పైకి లాగాడు. కాళ్ళు, నడుములు, భుజాలు, చివరికి నవ్వుతున్న రెండు మొహాలు జనానికి కనబడ్డాయి. అయ్యగారు కూర్చున్నారు. మిగతా నాటకమంతా కదలకుండా కూర్చున్నారు. చివర్లో ఒకసారి మీసం చాటున ఆయన కూడా నవ్వారని తర్వాత చాలామంది సాక్ష్యం చెప్పారు.

మేకప్ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. బావగారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు.

"నా కుర్చీ నాకే ఉంది బావగారూ! రేపు ఆఫీసుకి ముందు వాళ్ళింటికి ప్లంబర్ని తీసుకురమ్మన్నారు. అయ్యగారు కాదు, అమ్మగారు!" అని చెల్లెల్ని దగ్గరికి తీసుకుని, ఏం మాట్లాడాలో తెలియక ముక్కు చీదుకున్నారు.

"హాలు ఈ నెలంతా మీదే," అన్నాడు మేనేజరు వెనకనుంచి.

పత్రిక విలేఖరి ఒకాయన నోటుపుస్తకం పట్టుకుని ముందుకొచ్చాడు. "అద్భుతం వెటకారం గారూ! రచన మీదేగా, మామూలుగా రాసేస్తున్నా."

వెటకారం గది మూలకి చూశాడు. ఒకప్పుడు ఇదే గదిలో, ఓ పేరుమోసిన హాస్యనటుడికి మాటలు రాసిచ్చి మూల స్టూలు మీద కూర్చునేవాడు. పేలినప్పుడు ఆ మాట ఆ నటుడిది. పేలనప్పుడు ఇతనిది. దండలన్నీ ఆయన మెడలో పడుతుంటే ఇతను చప్పట్లు కొట్టేవాడు. ఆ మంట ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"కొట్టెయ్యండి," అన్నాడు. "మొదటి సగం నేను రాశాను. మీరు ఆవలించారు, నేను చూశాను. రెండో సగం ఈవిడ రాసింది. అలాగే రాయండి, ఒక్క అక్షరం కూడా తగ్గకుండా."

ఆవిడ అద్దం ముందు మేకప్ తుడుచుకుంటున్నదల్లా ఆగి అతని వంక చూసింది. కళ్ళు నిండాయి. ఈసారి అతని చెయ్యి ఏ కాగితం కోసమూ వెతకలేదు.

విలేఖరి ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ తన పేరు చెప్పింది. తప్పు పడుతుందేమోనని అక్షరం అక్షరం విడదీసి మరీ రాయించింది.

"తర్వాతి నాటకం కూడా మీరే రాస్తారామ్మా?"

"మొదలుపెట్టేశాను కూడా."

"ఎప్పుడు?" అన్నాడు వెటకారం అదిరిపడి.

"ఇందాక తెర దిగుతున్నప్పుడు."

అందరూ నవ్వారు. విలేఖరి పెన్ను ఆపలేదు. "మరి అందులో వెటకారం గారి వేషమేమిటండీ?"

"పెద్ద వేషమే. మొదట్నుంచీ చివరిదాకా స్టేజి మీదే ఉంటారు." ఆవిడ దూది కింద పెట్టింది. "మాటలు మాత్రం ఉండవు. ఒక్కటి కూడా. అందరూ చెప్పేది వింటూ కూర్చునే మనిషి."

మళ్ళీ నవ్వులు. బావగారైతే బల్ల చరిచి నవ్వారు. వెటకారం కూడా నవ్వబోయి, అద్దంలో ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ నవ్వడం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ మాటల మీదే బతికిన మనిషి, ఆవిడ హాస్యమాడుతోందో నిజమే చెప్తోందో తేల్చుకోలేకపోయాడు.

ఆవిడ కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"వేస్తారా?"